ఫుల్ సౌండ్

"ఏందీ అంకుల్ ఈ లొల్లి! మనుషుల్ని జెర పండుకోనిస్తరా లేదా?"

తలుపు తెరుచుకోగానే భానుప్రకాశ్ అరిచాడు. అతనిది కాల్‌సెంటర్‌లో రాత్రి డ్యూటీ. పగలే నిద్ర. సరిగ్గా అతని కన్ను మూతపడే వేళకే కింది ఫ్లాటులో టీవీ మొదలవుతుంది, మెట్టుగూడ మొత్తం ఉలిక్కిపడేటట్టు. అతనిలా కిందికి దిగొచ్చి గొడవపడటం మొదటిసారేం కాదు.

తలుపు తీసిన వీరయ్య అతని పెదవులవైపే చూస్తూ నిలబడ్డాడు. ఆర్మీలో ఫిరంగుల దగ్గర పనిచేసి రిటైరైన హవల్దారు. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. బెల్లు నొక్కితే హాల్లో ఎర్రబల్బు వెలిగేలా పెట్టించుకున్నాడు.

"లోపలికి రా బిడ్డా. చాయ్ పెడ్త," అన్నాడు పెద్ద గొంతుతో.

"చాయ్ వద్దు గీయ్ వద్దు. వినపడకపోతే చెవిలో మిషన్ పెట్టుకోండ్రి. మాకెందుకు తక్లీఫ్?"

"మిషన్ పెట్టినా ఫాయిదా లేదన్నరు. ఫిరంగుల మోతకు రెండు చెవులు పూరాగ పోయినయ్. గందుకే వికలాంగ పెన్షన్‌కు అర్జీ పెట్టిన. ఎదుటోళ్ల మూతి జూసుకుంట మాటలు పట్టుకుంట, గంతే."

భానుప్రకాశ్ లోపలికి అడుగుపెట్టాడు. హాల్లో టీవీ గొంతు చించుకుంటోంది. తెర మాత్రం నల్లగా ఉంది.

"బొమ్మ ఏది?"

"అది పోయి శాన రోజులైంది. సౌండ్ ఒక్కటే వస్తది."

భానుప్రకాశ్‌కు విషయం అర్థమైపోయింది. చెవిటివాడు ఉత్త సౌండ్ పెట్టుకుంటాడా ఎక్కడైనా?

"దొరికిండ్రు అంకుల్! మంచిగ వినుకుంటనే పెన్షన్‌కు నాటకం షురూ చేసిండ్రా? ఇయ్యాలే కంప్లయింట్ ఇస్త. ఆఫీసోళ్లు ఎంక్వైరీకి వస్తరు, చూడుండ్రి!"

వీరయ్య కళ్లు పెద్దవయ్యాయి.

"ఎంక్వైరీకా? ఇంటికొస్తరా? ఎంతమంది వస్తరు?"

భయపడ్డాడనుకున్నాడు భానుప్రకాశ్. వీరయ్య వంటింట్లోకి పోయి, అటు తిరిగి స్టవ్ వెలిగించాడు. చిరాకొచ్చి భానుప్రకాశ్ రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాడు.

ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఫ్యాను కిర్రుమనడం కూడా వినిపిస్తోంది. ముసలాయన ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడని భానుప్రకాశ్ చూశాడు. ఆయన తిరగలేదు. చక్కెర వేసి, నిదానంగా కలిపి, రెండు కప్పుల్లో పోసి తెచ్చాడు.

"ఇంకా గట్లనే లొల్లి చేస్తున్నదా బిడ్డా?" అనడిగాడు టీవీ వైపు చూపించి, తప్పు చేసినవాడిలా.

భానుప్రకాశ్ చేతిలో రిమోట్ అలాగే ఉండిపోయింది. కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. వీరయ్య ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు స్పష్టంగా కదిలేలా మెల్లగా అడిగాడు.

"బొమ్మ రాదు. సౌండ్ మీకు వినపడదు. మరి ఎవరి కోసం పెడ్తున్నరు అంకుల్?"

వీరయ్య చాయ్ కప్పు అతని చేతికిచ్చాడు.

"నీ కోసమే బిడ్డా. ఊకె పిలిస్తే ఎవ్వరొస్తరు? సౌండ్ పెంచితే, కొట్లాడనీకైనా నువ్వొస్తవ్ గదా."