రూపం లేనప్పుడు కళ్ళెందుకు?

"రూపమే లేనిదానికి కళ్ళెక్కడ పెట్టమంటావే?" అన్నాడు మేస్త్రి, షెడ్డు గుమ్మంలో ఎండకు కూర్చుని.

ఆయన భార్యకు తల ప్రాణం తోకకొచ్చింది. లోపల ఎత్తుపీట మీద అమ్మవారి విగ్రహం నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు, మెడలో హారాలు, వేళ్ళ కణుపులతో సహా అన్నీ అయిపోయాయి. మొహంలో కళ్ళుండాల్సిన చోటు మాత్రం తెల్లగా, నున్నగా ఉంది. ఆ షెడ్డులో కళ్ళు ఆఖరున పెడతారు. కళ్ళు పెట్టందే ఏ విగ్రహమూ గడప దాటదు. ఆయన పెట్టే చూపు కోసమే జనం దూరాల నుంచి వెతుక్కుంటూ వచ్చేవారు. 'కళ్ళ మేస్త్రి' అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

అలాంటి మనిషికి, ఈ వయసులో, దేవుడికి రూపం లేదని తెలిసిందట.

"రేపు పొద్దున్నే కొత్త హాల్లో ప్రార్థన పెట్టుకున్నారండీ. సాయంత్రానికి విగ్రహం అక్కడుండాలి. గుడి కమిటీ సెక్రటరీగారు ఫోన్ మీద ఫోన్. రెండు పనులు మీ వేదాంతంతోనే పోయాయి. ఇదీ పోతే షెడ్డుకు తాళమే."

"తాళమూ మాయే."

"అవును, రేపటి నుంచి పొయ్యి కూడా మాయే. ఆకలేస్తే నన్ను పిలవకండి."

ఈ జ్ఞానంతో ఆమె విసిగిపోయింది. పేపరు చదవడం మానేశాడు. ప్రపంచమే అబద్ధమైతే దాని వార్తలెందుకట. ఎరుపేమిటి, నీలమేమిటి అంతా ఒకటేనంటూ విగ్రహాల చీరలకు రంగులు ఆమె చేతే వేయించాడు. నిన్న టీ గ్లాసు కాలితో తన్నేసి, "ఒలికిందీ బ్రహ్మమేలే" అన్నాడు. తుడిచింది మాత్రం ఆమె.

ఇంతలో ఆమె తమ్ముడు వ్యాన్ తీసుకొచ్చాడు. లోపలికి తొంగిచూసి గతుక్కుమన్నాడు.

"ఇదేంటక్కా, ఇంకా కళ్ళు పెట్టలేదా?"

"మీ బావనడుగు. ఆయనకి దేవుడు గాల్లో కలిసిపోయాడు."

"గాల్లో కలవలేదురా, గాలీ ఆయనే," అన్నాడు మేస్త్రి. "సముద్రాన్ని తెచ్చి దీని మూతెక్కడ, ముక్కెక్కడ అంటే ఏం చెప్తావు?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "బావ చెప్పిందీ నిజమేనేమో అక్కా. పెద్దవాళ్ళు రూపమున్నా లేకున్నా ఒకటేనంటారుగా."

"నువ్వెళ్ళి వ్యాన్ తుడుచుకోరా! నిప్పుకి గాలి తోడైనట్టు నువ్వొకడివి." ఆమె మొగుడి వైపు తిరిగింది. "దాహమైనవాడికి సముద్రమెందుకండీ, గ్లాసుడు నీళ్ళు కావాలి. నేను పొద్దున లేస్తే దేవుడితో గొడవపడతాను. మొహమే లేకపోతే ఎటు తిరిగి తిట్టుకోను? గోడనా?"

"ఎటు తిరిగినా ఆయనే."

"నేనేడిస్తే ఆయనకి కనిపించాలిగా!"

మేస్త్రి చేతులకంటిన పొడి ప్లాస్టర్‌ని గోటితో గీరుకుంటూ కూర్చున్నాడు.

"ఇంతకీ ఈ జ్ఞానం ఎప్పుడొచ్చింది మీకు? ఏ గురువు దగ్గరకీ పోలేదే!"

"మెల్లిమెల్లిగా వచ్చింది. ముందు ఈ మనిషి వేరు, ఆ మనిషి వేరు అన్న తేడా పోయింది. ఇప్పుడంతా ఒకటే వెలుగు."

"ఆ వెలుగుతో రేపు కరెంటు బిల్లు తగ్గుతుందేమో చూద్దాం."

వ్యాన్ దగ్గర తమ్ముడు పకపకా నవ్వాడు. అంతలో మళ్ళీ ఫోన్ మోగింది. "బయల్దేరుతున్నామండీ, దార్లో ఉన్నట్టే అనుకోండి," అని అబద్ధమాడి ఆమె ఫోన్ పెట్టేసింది. ఇక ఓపిక చచ్చిపోయింది.

"సరే. మీరు పెట్టరు కదా? నేనే పెడతాను."

ఆయన కాదంటాడనుకుంది. కళ్ళు పెట్టే తన కుంచెను పరాయి చెయ్యి తాకితేనే చిందులు తొక్కే మనిషాయన. కానీ ఏదో పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు.

"పెట్టు. ముందు పైరెప్ప. ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో లాగు, మధ్యలో ఆగకు. నల్లగుడ్డు నడిమధ్యన వద్దు, రవ్వంత కిందికి. అప్పుడే కాళ్ళ దగ్గర కూర్చున్నవాణ్ణి చూస్తుంది."

"రూపం లేనిదానికి ఇన్ని కొలతలా!" అని విసురుగా తలుపు దగ్గరికి లాక్కుంది.

బయట బావా బావమరుదులిద్దరూ కూర్చున్నారు. లోపల రంగు డబ్బా మూత తెరిచిన చప్పుడైంది. ఆ తరువాత చాలాసేపు ఏ అలికిడీ లేదు. వీధిలో నీడ గోడెక్కింది. తమ్ముడు వాచీ చూసుకుని, తాళ్ళు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఏవండీ!" లోపలి నుంచి ఆమె సన్నగా పిలిచింది. "ఒక్కసారి వచ్చి ఈ మొహం చూడండి."

మేస్త్రి లేచాడు. గోడ పట్టుకుని లోపలికెళ్ళి, విగ్రహం ఎదురుగా నిలబడ్డాడు. భార్య పక్కకు తప్పుకుంది. ఆయన తలెత్తి అమ్మవారి మొహంలోకి చాలాసేపు చూశాడు. మెల్లిగా రెండు చేతులూ జోడించాడు.

"ఎంత బాగా పెట్టావే!" అన్నాడు. "ఎడమకన్ను వెంట్రుకవాసి పెద్దదైంది గానీ, కరుణంతా అందులోనే ఉంది. నువ్వన్నదే నిజం. ఇలా చూస్తుంటే, రూపం లేదనడానికి నోరు రావట్లేదు."

ఆమె ఇంకా కుంచె రంగులో ముంచనే లేదు.