గంజి గుంట

సైబీరియా చెరువుల గురించి భానుప్రకాశ్‌కు తెలియనిది లేదు. సైబీరియా ఎప్పుడూ వెళ్లలేదన్నది వేరే సంగతి.

పడమటి తీరాన హజీరాలో ఉన్న ఒక గ్యాస్ కంపెనీలో ఆయన పెద్ద ఇంజనీరు. 1998లో, ఢిల్లీలోని ఒక ఏసీ హాల్లో పేపరు చదివాడు. సైబీరియాలో వేల ఏళ్లుగా గడ్డకట్టిన నేల కరిగి చెరువులవుతోందట. అడుగున కుళ్లే గడ్డీ గాదాన్ని సూక్ష్మజీవులు తిని, మీథేన్‌ను బుడగలు బుడగలుగా వదులుతున్నాయట. అది గాలిలో కలిస్తే భూమి ఇంకా వేడెక్కుతుంది. "దాన్ని పట్టి వాడుకునే తెలివి ఎవరికుంది?" అని ముగించాడు. చప్పట్లు మోగాయి.

మరుసటి వారం కంపెనీ ఆయన్ని దగ్గర్లోని నవాగామ్ బస్తీకి పంపింది. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కార్మికుల ఇళ్ల వెనక ఒక గుంట. నూలుకు పట్టించగా మిగిలిన గంజినంతా కార్ఖానాలు అందులోకే వదులుతాయి. బస్తీ బాగుకని కంపెనీ ఇచ్చే డబ్బుతో దాన్ని పూడ్చాలా వద్దా అన్నది ఈయన సంతకంతో తేలుతుంది.

ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూశాడు. నురగ, బుడగలు, పాత టైర్లు, నెత్తిన బండరాయితో బోర్లించిన ఒక డ్రమ్ము. కాలికి రబ్బరు గొట్టమేదో తగిలి తూలాడు.

"ఛీ! ఈ కంపులో ఎలా బతుకుతున్నారమ్మా?"

"గీ గుంట పూడ్పియ్యకుండ్రి సారూ, మీ కాల్మొక్కుత," అంది గుంటను ఆనుకున్న ఇంట్లో ఉండే కొమురవ్వ. "జర లోపటికొచ్చి మా పొయ్యి సూడుండ్రి."

ఆయనకు నవ్వొచ్చింది. గ్యాస్ కంపెనీవాడు కనబడితే చాలు, అందరూ ఇదే పాట.

"ఉచితంగా గ్యాస్ పొయ్యి కావాలా? దరఖాస్తు పెట్టుకో."

"అది గాదు సారూ, ఒక్కపారి సూస్తె..."

"చాల్లే. మీకు చెప్పినా అర్థం కాదు. కాస్త టీ ఇప్పించు."

టీ అయిదు నిమిషాల్లో వచ్చింది. పొగ వాసన లేదు, కిరోసిన్ కంపు లేదు. "టీ మాత్రం భలే పెట్టావు," అని మెచ్చుకుని, ఇంకో కప్పు అడిగాడు. ఫైలు మోకాలి మీద పెట్టుకుని 'వెంటనే పూడ్చవలెను' అని రాసి సంతకం చేశాడు. పేదలకు మేలు చేశానని ఆయనకు తన మీద తనకే ముచ్చటేసింది.

లోపల కొమురవ్వ కళ్లు తుడుచుకుని, గుంటలోని డ్రమ్ము నుంచి వచ్చిన ఆ రబ్బరు గొట్టం చివరనున్న పొయ్యి వెలిగించి, ఆయన రెండో కప్పు టీకి నీళ్లు పెట్టింది.