తాళం వేసి ఉంది

"చెప్పులు లెక్కలోకి రావమ్మా. మనుషులే వస్తారు," అంది పంతులమ్మ.

జనాభా లెక్కల కాగితం ఆమె ఒళ్ళో ఉంది. ఎదురుగా, బట్టలు కుట్టి ఇల్లు నడిపే ఆ ఇల్లాలు భర్త చెప్పుల జత చేత్తో పట్టుకుని నిలబడింది. దుమ్ము తుడిచి మరీ తెచ్చింది.

"మనిషి లేకుండా చెప్పులెక్కడి నుంచి వస్తాయండీ? అదిగో, చొక్కా కొక్కేనికే ఉంది. ఆయన కంచంలో నేను కూడా తినను. రాయండి. మగ, వయసు ముప్పై నాలుగు, తాపీపని."

"వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"ఎంతండీ, మొన్ననే."

"మొన్ననే అంటే?"

"పదకొండు నెలలు," అంది ఇల్లాలు గొంతు తగ్గించి.

"ఆర్నెల్లు దాటితే మనిషి ఎక్కడుంటే అక్కడే రాస్తారు. నేను పెట్టిన రూలు కాదు తల్లీ. సెలవుకి వచ్చి పోవడాలు కూడా లెక్కకి రావు."

పంతులమ్మకి పొద్దుటినుంచీ ఇదే గోల. ఏ గుమ్మం ఎక్కినా ఎవరో ఒకరు తక్కువే. ఒకరు ఇటుకబట్టీలో, ఒకరు ఎక్కడో మేడలు కడుతూ, ఒకరు లారీ మీద. "ఆడ, ఆడ, ఆడ" అని రాసీ రాసీ వేళ్ళు పీకుతున్నాయి. పాతికేళ్ళ మగవాడు ఒక్కడు కనబడితే సంబరపడింది. తీరా చూస్తే కాలు విరిగి ఇంటికొచ్చినవాడు!

ఇల్లాలి పట్టుదలకి కారణం లేకపోలేదు. రెండు వందల మందైనా లేని ఊరికి ఇకమీదట బస్సు నడపరని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇదే ఆఖరి ఇల్లు. ఈమెతో కలిపి లెక్క నూట తొంభై తొమ్మిది.

"ఒక్క మనిషి కోసం ఇంత పట్టింపేమిటండీ? ఆయన వస్తే ఆ బస్సులోనే రావాలి. నాలుగింటికి హారన్ వినబడగానే మిషను ఆపి చూస్తాను. దిగడని తెలుసు. అయినా చూస్తాను. ఆ బస్సు కూడా పోతే ఇంక దేనికేసి చూడమంటారు?"

పంతులమ్మ తల దించుకుంది. ఆ హారన్‌కి బడి కిటికీలోంచి ఆమె కూడా చూస్తుంది. ఆమె బదిలీ కాగితం వచ్చినా ఆ బస్సులోనే రావాలి. అయినా చెయ్యి కదల్లేదు.

"దొంగలెక్క రాయలేనమ్మా."

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అని ఇల్లాలు చెప్పులు కింద పెట్టింది. కాగితాల కట్టకేసి ఒకసారి చూసింది. "సరే, బడి పక్క గదిలో ఎవరున్నారని రాశారు?"

పంతులమ్మ కట్ట తిరగేసింది. "తాళం వేసి ఉందని."

"వేసిందెవరు?"

"నేనే. లెక్కలకి బయల్దేరుతూ..." పంతులమ్మ ఆగిపోయింది.

ఇల్లాలు ఫక్కున నవ్వింది. "ఊరందరినీ లెక్కపెట్టి మిమ్మల్ని మీరే మర్చిపోయారా!"

"మర్చిపోలేదు. నాది ఈ ఊరు కాదుగా. మా ఇంట్లో మా ఆయన రాయిస్తారు."

"మీరిక్కడికొచ్చి ఎన్నాళ్ళయింది?"

మొన్ననే అనబోయి పంతులమ్మ నాలుక కరుచుకుంది. "పధ్నాలుగు నెలలు."

ఇల్లాలి నవ్వు ఆగిపోయింది. గెలిచానన్న సంతోషం కూడా లేకుండా లోపలికి వెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీళ్ళు తాగి పంతులమ్మ కలం అందుకుంది. తాళం మాట కొట్టేసి, కొత్తగా రాసింది. ఆడ, వయసు ముప్పై ఒకటి, పని బళ్ళో పాఠాలు చెప్పడం. ఇంట్లో ఎందరు అన్న గడి దగ్గర కలం ఆగింది. ఒకరు, అని రాసేసరికి ఏడుపొచ్చింది. ఒకే మనిషిని రెండుచోట్ల రాయకూడదు. ఇక్కడ ఉన్నట్టు రాసుకుంటే అక్కడ లేనట్టే. అంతవరకూ ఊళ్ళో అందరికీ చెప్పిన రూలు తన దాకా వచ్చాక గానీ ఎంత బరువో తెలియలేదు.

"రెండు వందలు," అంది కళ్ళు తుడుచుకుని. ఇల్లాలు ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ ఊళ్ళో ఫోను పలికేది బస్సు ఆగే చోట మాత్రమే. నాలుగింటి బస్సు వచ్చి, ఎవరినీ దించకుండా వెళ్ళిపోయింది. ఆ దుమ్ము అణిగాక పంతులమ్మ భర్తకి ఫోన్ చేసింది. ఏం చెప్పాలో దారిపొడవునా కూడబలుక్కుంటూనే వచ్చింది.

"ఏవండీ, కోపం తెచ్చుకోకండి. లెక్కలవాళ్ళు వస్తే మనింట్లో నా పేరు రాయించకండి. నేను ఇక్కడ..."



"వాళ్ళు పోయిన వారమే వచ్చి వెళ్ళారు," అన్నాడు భర్త. "నీకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. నీ పేరు రాసుకోమని గంటసేపు పోట్లాడినా వినలేదు. చివరికి నీ చెప్పులు కూడా తెచ్చి చూపించాను."