తెర అంటే గుడి

“తెర!” అంటూ ముసలావిడ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎంత లాక్కున్నా వదల్లేదు.

“అయ్యయ్యో, వదులమ్మా!” కుట్టుమిషను ముందు నుంచి లేచి పరుగున వచ్చింది కూతురు. తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ, “ఏమనుకోకండి సార్. పక్షవాతం వచ్చాక మా అమ్మకి ఈ ఒక్క మాటే మిగిలింది. ఆకలేసినా తెరే, దోమ కుట్టినా తెరే. జన్మంతా తెరలు కుట్టిన మనిషి కదా!” అంది.

అతను నవ్వేశాడు. పడగ్గది కిటికీలకు కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చాడతను. త్వరలోనే పెళ్ళి. వెంట వచ్చిన కాబోయే భార్య, బల్ల మీది నీలం గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తోంది.

“నేను చాలాకాలం జపాన్‌లో ఉద్యోగం చేశాను లెండి. అక్కడ తెర అంటే ఏమిటో తెలుసా? బౌద్ధుల గుడి.”

“గుడా!” కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “విన్నావుటే అమ్మా? ఇన్నాళ్ళూ మంచం మీద కూర్చుని గుడి, గుడి అంటున్నావట. మట్టిబుర్రలం, మాకే అర్థం కాలేదు!”

“వట్టి తెర అంటే మొరటుగా ఉంటుందని ముందు ‘ఒ’ చేరుస్తారు. ఒతెర. గుడిగారు అన్నట్టు.”

“ఒత్తెర.”

“ఒత్తు లేదండీ. ఒతెర.”

“ఒతెర,” అంది ముసలావిడ.

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. పక్కకి జారిపోయిన ఆ పెదవుల మీద మాట అంత తేటగా పలికి ఎన్నాళ్ళయిందో. సంబరంగా “మళ్ళీ అనమ్మా” అనబోయింది కూతురు. ఈలోగా ముసలావిడే అందుకుంది. ఈసారి ఒక్క మాట కాదు, ఒక పొడవాటి వాక్యం. దాని వెనకాలే మరొకటి. కూతురికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పైగా ఆ గొంతు తల్లిది కాదు. సన్నగా, పడుచుగా, పక్కగదిలో ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా ఉంది.

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. అదే భాషలో ఏదో అడిగాడు. ముసలావిడ తడుముకోకుండా జవాబిచ్చింది.

“మీ అమ్మగారు జపాన్ ఎప్పుడు వెళ్ళారు?” అన్నాడతను కూతురి వైపు తిరిగి.

“మా అమ్మా? ఈ వీధి దాటితే ఆసుపత్రి, ఆసుపత్రి దాటితే ఈ వీధి. అయితే ఇప్పుడు మాట్లాడింది ఆ భాషేనా? ఏమందండీ?”

“ఏం లేదు. ఏదో గొణుగుడు. మేం మళ్ళీ వస్తాం.”

“గొణుగుడైతే మీరడిగినదానికి జవాబెలా చెప్పింది?” అంది కాబోయే భార్య. గుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. “ఏమంటోంది ఆవిడ?”

ముసలావిడ ఇందాకటి మాటలే మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మాటకీ మాటకీ మధ్య వెక్కిళ్ళు. అతను చెవులు మూసుకోబోయి, మానేసి, నేలచూపులు చూస్తూ చెప్పాడు.

“‘గుడిలో మా అమ్మ పక్కన పెడతానని మాటిచ్చావు. ఈ అలమారాలో, దుప్పట్ల కింద, నాకు ఊపిరాడటం లేదు’ అంటోంది.”

“ఎవరు?”

“నా మొదటి భార్య.”

కాబోయే భార్య చేతిలోని గుడ్డ కిందికి దించింది.

“ఆవిడ అస్థికలు అక్కడే గుడిలో ఉంచి వచ్చానన్నారు నాతో.”

“గుడి మెట్ల దాకా తీసుకెళ్ళాను. తీరా అస్థికల పెట్టె గుడివాళ్ళ చేతికి ఇవ్వబోతే చేతులు రాలేదు. ఇచ్చేస్తే ఇంక నాకేం మిగులుతుందనిపించింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చేసుకున్నాను. నీకెలా చెప్పాలో తెలియలేదు.”

“ఆ అలమారా ఉన్న గదికేనా ఈ కర్టెన్లు?”

అతను తలూపాడు.

ఆమె నీలం గుడ్డని మడత మీద మడత వేసి కూతురి చేతికిచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది. “ఇప్పుడే కత్తెర పెట్టకండి,” అని అతని వైపు తిరిగింది. “ముందు ఆవిడని గుడికి చేరుద్దాం. నేనూ వస్తాను. పెళ్ళి సంగతి ఆ తర్వాత చూసుకుందాం.”

అతను మంచం దగ్గరికి వెళ్ళి, నడుం బాగా వంచి, ఆ భాషలో ఒక్క మాట చెప్పాడు. ముసలావిడ వెక్కిళ్ళు ఆగిపోయాయి. పెదవి మళ్ళీ పక్కకి జారింది. కళ్ళు మూసుకుంది.

వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది కూతురు. ఒంటి మీద రోమాలు ఇంకా లేచే ఉన్నాయి. లోపలికి వచ్చి, గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగి, తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్దింది. కాస్త ధైర్యం వచ్చేసరికి నోరూ లేచింది.

“చూశావుటే అమ్మా! పైకి ఎంత పెద్దమనిషి తరహా! పోయినవాళ్ళకి మాటిచ్చి తప్పితే ఊరుకుంటారా మరి?”

“ఎందుకూరుకుంటాం చిట్టితల్లీ! మరి నాకిచ్చిన మాట సంగతేమిటి?” అంది తల్లి, పోయిన నాన్న గొంతుతో.