గట్టుకు ఇవతలి మన్ను

కారు ఆగింది. ఒక పిల్ల దిగి, ఏటిగట్టు మీదుగా నేరుగా మాలకొండమ్మ పొలంలోకి నడిచింది.

కారు నరేంద్రబాబుది. అంతే, మాలకొండమ్మకు ఒళ్ళు మండిపోయింది.

కావలిలో కాపురముండే నరేంద్రబాబు పక్క పొలం కొని రొయ్యల గుంటలు తవ్వించినప్పటి నుంచీ ఆమె ఎకరంలో వరి ఎర్రబడి చస్తోంది. గుంటల్లోని ఉప్పునీళ్ళు గట్టు కింద నుంచి ఊరుతున్నాయని ఆమె గోల. ఆ నేల పుట్టు చౌడని ఆయన వాదన.

గుంటలు ఆపించమని ఆమె పెట్టిన అర్జీ మీద గురువారం అల్లూరులో విచారణ. ఓడితే గుంటలుంటాయి, ఎకరం పోతుంది. ఆ ఎకరం తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు. అందుకే కాలుకాలిన పిల్లిలా గట్టు మీదే తిరుగుతోంది.

ఆ పిల్ల ఇనుప గొట్టం నేలలో దించి, మన్ను తీసి సంచుల్లో నింపుతోంది.

"ఎవురు మే నువ్వు? నా చేన్లో ఏం తవ్వతుండావు?"

"నా పేరు వినీల, అక్కా. నెల్లూర్లో పీజీ చేస్తున్నా. వరి వేసిన చోట, గుంటలు తవ్విన చోట ఏటిపక్క మన్ను ఎట్లా మారిందో పరీక్ష చేస్తున్నా."

"ఆ కారెవురిది?"

పిల్ల ముఖం చిన్నబోయింది.

"ఆయనదే. కానీ అక్కా, నా మాట కాస్త విను..."

"వినేదేంది! నా మన్ను చౌడని రాయించేదానికేగా నిన్ను తోలినాడు?"

సంచుల మూట ఎత్తి ఏట్లోకి గిరాటేసింది. వినీల మోకాలి లోతు దాకా పరుగెత్తింది. మూట మునిగిపోయింది.

"నాలుగు రోజులు తిరిగి తీసిన మన్నక్కా అది! రేపు కాలవ వదులుతారు. పొలాలు తడిస్తే ఈ మన్ను ఇంక పనికిరాదు!"

"పీడా పోయింది!"

ఆ రోజు మాలకొండమ్మ కడుపునిండా అన్నం తింది.

గురువారం నరేంద్రబాబు ఎదుటే ఆఫీసరు అడిగాడు.

"ఉప్పు గుంటల నుంచే వచ్చిందనేదానికి రుజువేదమ్మా?"

"నా చేనే రుజువు సారూ! వచ్చి నాలిక్కి రాసుకోండి!"

అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"నీ తరఫున సాక్ష్యం చెప్తానని వినీల అనే అమ్మాయి వచ్చింది. గుంటకు దూరం పోయేకొద్దీ మన్నులో ఉప్పు తగ్గుతుందని పరీక్ష చేసి చూపిస్తానంది. నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. మన్ను ఏట్లో పోయిందట, మళ్ళీ ఎండాకాలం దాకా కుదరదట. రుజువు లేకుండా గుంటలు ఎట్లా ఆపమంటావు?"

మాలకొండమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"నా చేతులు పడిపోను! ఆ బిడ్డ యాడుండాది సారూ? కాళ్ళయినా పట్టుకుంటా."

ఆఫీసరుకు తెలియదు.

గెలిచిన నరేంద్రబాబే, తలెత్తకుండా చెప్పాడు.

"నీకు సాక్ష్యం చెప్తే నా గడప తొక్కొద్దన్నాను మాలకొండమ్మా. మారుమాట లేకుండా బట్టలు సర్దుకొని ఎటో పోయింది, నా కూతురు."