ఎవరి సాయమూ లేకుండా

"రెండో పాటలో ఒక్క ముక్క వినపడలేదు నాయనా!"

ఆదివారం మధ్యాహ్నం. ఇంగ్లండులోని హల్ అనే ఊళ్ళో, రేవు పక్క పబ్బులో పాడటం ముగించి, రస్సెల్ గిటారు పెట్టెలో సర్దుకుంటున్నాడు. తలెత్తి చూస్తే ఎదురుగా అరవై ఏళ్ళావిడ, చేతిలో నిమ్మరసం గ్లాసు.

"ఇది రాక్ పాట బామ్మగారూ. మాట మాటా వినపడాలంటే చర్చికి వెళ్ళాలి," అన్నాడు.

డ్రమ్ముల వెనక మొయిరా కిసుక్కున నవ్వింది.

ఆవిడకు కోపం రాలేదు.

"విన్నంతవరకూ మాటలు బాగున్నాయి. అందుకే చెబుతున్నా. మైకుని అట్లా నోట్లో కుక్కుకుంటే మాట ముద్దయిపోతుంది. కాస్త వెనక్కి జరుగు."

"ఇంకేమైనా సలహాలున్నాయా?"

"బోలెడు. వచ్చే ఆదివారం చెబుతాలే."

అన్నట్టే చెప్పింది. ఆ పై ఆదివారం కూడా చెప్పింది.

రస్సెల్ మైకుకి జానెడు దూరం జరిగాడు. ఆవిడ చెప్పినందుకే జరిగానని మాత్రం ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. ఏడాది గడిచినా ఆవిడ పేరేమిటో అడగలేదు కూడా.

బృందం పేరు 'వెట్ డాక్స్'. ఉన్నదల్లా ముగ్గురు. పాటలు సొంతంగా రికార్డు చేసి, ఆ క్యాసెట్లు పబ్బులోనే అమ్ముకుంటారు. రస్సెల్ చేపల ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలేసి వచ్చాడు. బేస్ గిటారు వాయించే టెర్రీని వాళ్ళ బాబాయి గోడల పనికి రమ్మని వారం వారం పిలుస్తున్నాడు. మొయిరాకు సెప్టెంబరులో నర్సింగ్ కాలేజీలో సీటుంది.

అంటే, ఏం జరిగినా ఆలోగానే జరగాలి.

మే నెలలో మాంచెస్టర్ నుంచి రికార్డు కంపెనీ మనిషి ఒకాయన వచ్చి విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"బాగానే ఉంది. కానీ మీ ఊళ్ళో మీ మేనత్తలూ బాబాయిలే హాలు నింపేస్తారు. మీరెన్నడూ పాడని ఊళ్ళో నింపి చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం."

"లాంకాస్టర్!" అన్నాడు రస్సెల్, క్షణం ఆలోచించకుండా.

ఆయన వెళ్ళాక టెర్రీ లబోదిబోమన్నాడు. "దేశానికి ఆ చివరున్న లాంకాస్టర్‌లో మనల్నెవడు ఎరుగున్రా?"

"అక్కణ్ణుంచి ఉత్తరాలు రాలేదూ? ఎప్పుడొస్తారు, ఎప్పుడొస్తారు అని?"

"నాలుగు ఉత్తరాలు! అసలు వాళ్ళకి మన పాటలెలా తెలుసు?"

"మన పాటకి కాళ్ళున్నాయిరా. తనే నడిచి వెళ్ళింది," అన్నాడు రస్సెల్ కాలరెగరేసి.

జూన్‌లో ఒక శనివారం, లాంకాస్టర్‌లో ఒక హాలు. మూడు గంటలకి పాటలు మొదలు. రెండున్నరకి తీగలు సరిచేసుకుంటుంటే ఎవరో వెనక గుమ్మం తట్టారు.

రస్సెల్ తలుపు తీశాడు. ఆవిడే!

"లాంకాస్టర్‌కి కూడా వచ్చేశారా!"

"ఒక్క నిమిషం లోపలికి రానా నాయనా? మీ ముగ్గురికీ ఒక మాట చెప్పాలి."

"ఇవాళ సలహాలొద్దు బామ్మగారూ. మా బతుకు అటో ఇటో తేలే రోజు."

"సలహా కాదులే…"

"ఏదైనా సరే, పాటలయ్యాక రండి."

"అప్పటికి నేనుండను," అంటూనే ఉంది. అతను తలుపు వేసేశాడు.

మూడింటికి తెర లేచింది.

హాలు కిటకిటలాడుతోంది. మూడు వందల మంది. గోడల వెంట నిలబడ్డవాళ్ళు వేరే.

రస్సెల్ మొదటి పాట అందుకున్నాడు. పాటలో రెండో పంక్తికి వచ్చేసరికి అతని గొంతు అతనికే వినపడలేదు.

హాలంతా పాడుతోంది. ఒక్క మాట కూడా పొల్లుపోకుండా పాడుతోంది!

టెర్రీ ఒక స్వరం తప్పు వాయించి, నవ్వేసి, సర్దుకున్నాడు. మొయిరా కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే వాయించింది.

ఆఖరి పాట కాగానే కంపెనీ మనిషి వేదిక మీదికే వచ్చేశాడు. "సోమవారం మాంచెస్టర్ రండి. సంతకాలు పెట్టేద్దాం."

కింద జనం ఇంకా కదల్లేదు. వాళ్ళలోంచి ఒక కాలేజీ పత్రిక కుర్రాడు పుస్తకం, పెన్సిలు పట్టుకుని తోసుకొచ్చాడు.

"ఇంత దూరం రావడానికి మీకు సాయపడిందెవరండీ?"

"ఎవరూ లేరు," అన్నాడు రస్సెల్, ఛాతీ విరుచుకుని. "రేడియోవాళ్ళు పట్టించుకోలేదు. పేపర్లవాళ్ళు పట్టించుకోలేదు. మా కాళ్ళ మీద మేమే నిలబడ్డాం. అలాగే రాసుకోండి."

ముందు వరుసలో ఒక అమ్మాయి ఫక్కున నవ్వింది.

"అదేంటి! మరి ఎడ్నా?"

"ఎడ్నా ఎవరు?"

అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"మా బస్సు డ్రైవరండీ. హల్ నుంచి ఇక్కడికి బస్సు నడుపుతుంది. ఏడాదిగా రోజూ మీ క్యాసెట్టే పెడుతుంది. మేం మీ పాటలు నేర్చుకున్నది ఆ బస్సులోనే. మీకు ఉత్తరాలు రాయమన్నదీ ఆవిడే."

రస్సెల్ వెనక గుమ్మం వైపు తిరిగి చూశాడు.

"ఇవాళ ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు," అంది అమ్మాయి. "మీ ముగ్గురితో ఒక మాట చెప్పి పోతానని అటు వెళ్ళి, వెంటనే తిరిగొచ్చి, 'పిల్లలు పనిలో ఉన్నారు, మీరు మాత్రం గొంతెత్తి పాడండి' అని మా అందరికీ చెప్పి, బస్సు తీసుకుని వెళ్ళిపోయింది."