బొటనవేలి ఇంజనీర్లు

వంతెనల లెక్కలన్నీ యంత్రాలే కట్టే రోజులవి. వంతెన కూలితే యంత్రాన్ని జైల్లో పెట్టలేరు గదా! అందుకే ప్రతి ప్లాను మీదా ఒక ఇంజనీరు వేలిముద్ర పడాలి.

పప్పులో తాలింపు వేస్తూనే హైమవతి ఫోన్‌లో కొత్త ప్లాను తెరిచింది. స్తంభాల కింద రాయి లేదు, ఉత్త ఇసుకే.

"దీనికి నేను వేలిముద్ర వెయ్యను," అంది.

"మీ ఇష్టం మేడమ్. వరుసలో తర్వాతివారికి పంపుతాం," అంది ఫోన్‌లో యంత్రం, మర్యాదగా.

ఇన్నేళ్లకు నిజంగా ఇంజనీరునయ్యాననుకుంది హైమవతి.

పక్కగదిలోంచి భర్త రాఘవరావు బొటనవేలు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. అతనిదీ అదే ఉద్యోగం.

"ఏదో వంతెనట. ఎవరో వెయ్యనన్నారని నాకు పంపారు. వేసేశా. అన్నం పెట్టు."

"ప్లాను చూసే వేశారా?"

"చూస్తే వెయ్యగలమా, హైమా?"